సొసైటీ లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కేముందే సభ్యులకు చూపాలా, సర్దుకున్నాక చెప్పాలా?

డెల్టా_సొసైటీ_సీఈఓ
మాది గోదావరి డెల్టాలోని ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. దేశంలోని 63,000 సంఘాలను కంప్యూటరీకరించడానికి కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయలతో ఆమోదించిన పథకంలో మా సంఘం కూడా ఉంది. పాత లెడ్జర్లలోని నిల్వలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని చివరికి వచ్చింది. చిక్కంతా ఇక్కడే మొదలైంది. సభ్యుల వ్యక్తిగత ఖాతాల్లోని అప్పు నిల్వలన్నీ కూడితే వచ్చే మొత్తానికీ, జనరల్ లెడ్జర్ (సంఘం మొత్తం లెక్కల పుస్తకం) చూపుతున్న మొత్తానికీ పొంతన కుదరడం లేదు. ఆ తేడాలో కొంత పాత పోస్టింగుల్లో, అంటే ఖాతాల్లో నమోదు చేయడంలో, దొర్లిన పొరపాటని తెలిసిపోతూనే ఉంది, మిగిలిన దానికి కారణం ఇంకా తేలలేదు. చనిపోయిన సభ్యుల పేర్ల మీద వాటా ధనం ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. సభ్యుడి చేతిలో రసీదు ఉండి కూడా లెడ్జర్‌లో జమ కనిపించని ఖాతాలు కొన్ని తగిలాయి.

మా కమిటీ అధ్యక్షులు పెద్దవారు, సంఘం కోసం చాలా శ్రమపడినవారు. ముందు లెక్కలు సరిచేసుకొని, కొత్త విధానం సాఫీగా నడవడం మొదలయ్యాక మహాజన సభలో (సభ్యులందరి సమావేశంలో) చెబుదామని, అప్పటిదాకా బయట ఎవరి దగ్గరా ఎత్తవద్దని వారు అంటున్నారు. కటాఫ్ తేదీకి, అంటే పాత నిల్వలు కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఖరారయ్యే రోజుకు, ముందే ప్రతి సభ్యుడికీ అతని ఖాతా వివరం కాగితం మీద ఇవ్వాలని, మొత్తం తేడా ఎంత ఉందో సభలో చెప్పాలని నేను అంటున్నాను. సిబ్బంది ఇద్దరూ భయంతో ఉన్నారు. ఇటువంటి దశ దాటి వచ్చినవారు తమ అనుభవం చెబితే మాకు మేలు చేసినవారవుతారు.

మినుము_రైతు
చూపించండి. సంఘం సభ్యులది. నా ఖాతాలో ఏముందో నాకంటే ముందు ఒక కంపెనీ డేటా ఎంట్రీ కుర్రవాడు చూస్తున్నాడంటే అది నాకు నచ్చదు.

రిటైర్డ్_కోఆపరేటివ్_ఆడిట్
సీఈఓ గారు అడిగినది చాలా సంఘాలలో నోరు విప్పి అడగని ప్రశ్న, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పిన తేడా కొత్త వింత కాదు. సంఘం నుంచి సభ్యులకు వెళ్లిన అప్పుకూ, సంఘం జిల్లా కేంద్ర బ్యాంకుకు బాకీ పడిన అప్పుకూ మధ్య వచ్చే అంతరాన్ని మా రోజుల్లో ఇంబ్యాలెన్స్ అనేవాళ్లం, ఆడిట్ రిపోర్టులో దానికి ఒక పేజీ ఎప్పుడూ ఉండేది. సభ్యుల ఖాతాలకూ జనరల్ లెడ్జర్‌కూ మధ్య తేడా దానికి తోడబుట్టినది. పుస్తకాల కాలంలో ఆ తేడాను "సరిచూడవలసి ఉన్నది" అనే ఒక్క వాక్యంతో వచ్చే ఏడాదికి నెట్టేవారు. సాఫ్ట్‌వేర్ అలా నెట్టనివ్వదు, ప్రారంభ నిల్వలు రెండు వైపులా సమానమైతేనే ముందుకు కదులుతుంది. కాబట్టి ఒత్తిడి వచ్చినప్పుడు సంఘాలు చేసే పని ఏమిటంటే, తేడా మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో (కారణం తేలని మొత్తాలను తాత్కాలికంగా ఉంచే ఖాతాలో) వేసి పైకి సరిపోయినట్టు చూపిస్తాయి. ఒకసారి అలా వేశాక ఏ సభ్యుడి ఏ రసీదు వల్ల ఆ తేడా వచ్చిందో వెనక్కి వెళ్లి పట్టుకోవడం చాలా కష్టమవుతుంది, ఎందుకంటే కొత్త తెర మీద పాత పేజీ నంబరు ఉండదు.

చట్టం సంగతికి వస్తే, 2011లో వచ్చిన 97వ రాజ్యాంగ సవరణలో 243జెడ్‌ఓ అధికరణం ఉంది. సభ్యుడు తనతో జరిగిన లావాదేవీలకు సంబంధించిన పుస్తకాలు, సమాచారం, లెక్కలు చూసుకొనే వీలు రాష్ట్ర చట్టసభ కల్పించవచ్చని అది చెప్పింది. 2021 జూలైలో సుప్రీంకోర్టు, సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, ఆ భాగం ఒక్క రాష్ట్రంలోనే పనిచేసే సంఘాలకు వర్తించదని తీర్పు ఇచ్చింది. సమాచార హక్కు చట్టం కింద అడుగుదామంటే, కేరళకు చెందిన తలప్పళం సంఘం కేసులో 2013 అక్టోబరులో వచ్చిన తీర్పు ప్రకారం, ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందితే తప్ప సహకార సంఘం ఆ చట్టం పరిధిలోకి రాదు. ఇన్ని తలుపులు ఇలా ఉన్నప్పుడు సభ్యుడికి లెక్క చూపడమనేది చాలావరకు కమిటీ మనసు మీదే ఆధారపడుతుంది. మీ ప్రశ్న అందుకే విలువైనది.

ఇక పరువు విషయం. 1964 నాటి సహకార చట్టంలో 51వ సెక్షన్ కింద విచారణ, 60వ సెక్షన్ కింద సర్‌చార్జి (సంఘానికి కలిగిన నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టడం) ఉన్నాయి. కమిటీ తానే తేడాను సభ ముందు పెట్టి తీర్మానం రాసుకుంటే అది దిద్దుబాటు. అదే తేడాను మూడేళ్ల తర్వాత ఎవరో పిటిషన్ పెట్టి బయటకు లాగితే అది దాపరికం. రెంటిలో అంకె ఒకటే, అధ్యక్షుల వారి పరువు మాత్రం ఒకటి కాదు.

సింగిల్‌విండో_ఇందూరు
ఆడిటర్ గారి మాట మీద గౌరవం ఉంది, అయినా ఒక విషయంలో విభేదిస్తున్నాను. నేను ఒక సింగిల్ విండోకు, అంటే ఇటువంటి ప్రాథమిక సంఘానికే, చైర్మన్‌గా పనిచేసినవాడిని. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి కనిపించేది వేరు. మా సంఘం డిపాజిట్లు తీసుకుంటుంది. బ్యాంకులో వేసిన డబ్బుకు 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది, ప్రాథమిక సంఘంలో వేసిన డబ్బుకు ఆ బీమా లేదు. ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలుసు. సభలో నిలబడి "లెక్కల్లో ఇంత తేడా ఉంది" అని చైర్మన్ అన్నాడంటే, ఆ మాట ఊరు దాటేసరికి "సంఘం మునిగింది" అని మారుతుంది. మర్నాడు కౌంటర్ ముందు వరుస కడతారు. ఆ వరుసకు భయపడి అధ్యక్షుడు ఆగమంటే అతన్ని దొంగను చూసినట్టు చూడకూడదు.

బహిరంగంగా నడపడం మంచిదే. ఎప్పుడు, ఎంత, ఏ వరుసలో చెప్పాలన్నది తెలిసి చెప్పాలి.

మినుము_రైతు
చైర్మన్ గారూ, మా ఊళ్లో ఏ మాటా దాగదు. మీరు చెప్పకపోతే డేటా ఎంట్రీ కుర్రవాడు హోటల్లో టీ తాగుతూ చెబుతాడు. అతను చెప్పే అంకె మీ అంకె కంటే పెద్దదిగా ఉంటుంది.

డెల్టా_సొసైటీ_సీఈఓ
ఇందూరు గారు చెప్పిన డిపాజిట్ల భయమే మా అధ్యక్షుల వారిది కూడా. నేను దాన్ని తేలికగా తీసుకోవడం లేదు. మా దగ్గర డిపాజిట్లు పెద్దగా లేవు, ఉన్నవి చాలావరకు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులవి.

క్రాయిడన్_నుంచి
నేను ఇంగ్లండ్‌లో ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ పని చేస్తాను, మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక సంఘంలో సభ్యులు. ఈ చర్చ చదువుతుంటే ఇక్కడ జరిగిన పోస్టాఫీసు వ్యవహారం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

బ్రిటన్ పోస్టాఫీసు 1999 నుంచి తన శాఖలన్నిటిలో హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ పెట్టింది. దాన్ని ఫుజిట్సు కంపెనీ తయారు చేసింది. పల్లెల్లో, పేటల్లో చిన్న దుకాణంతో పాటు పోస్టాఫీసు నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్లకు సాయంత్రం లెక్క చూసుకుంటే నగదు తక్కువ ఉన్నట్టు తెర మీద కనిపించేది. కాంట్రాక్టు ప్రకారం లోటు వారే భరించాలి. కొందరు ఇంటి మీద అప్పు తెచ్చి కట్టారు. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోందని జవాబు వచ్చేదని చాలామంది తర్వాత విచారణలో చెప్పారు. నిజానికి అదే ఇబ్బంది దేశమంతా ఉంది. శాఖల ఖాతాలను ఫుజిట్సు ఉద్యోగులు దూరం నుంచి మార్చగలరన్న సంగతిని పోస్టాఫీసు ఏళ్లపాటు కాదంటూ వచ్చింది. 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు వంటి నేరాల కింద శిక్షలు పడ్డాయి. ఏలన్ బేట్స్ అనే సబ్‌పోస్ట్‌మాస్టర్ ముందుండి 555 మందితో కలిసి వేసిన దావాలో, హొరైజన్‌లో లోపాలున్నాయని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేయవలసి వచ్చింది. అప్పటికే కొందరు చనిపోయారు.

అక్కడ ప్రాణాలు తీసినది సాఫ్ట్‌వేర్ లోపం ఒక్కటే కాదు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా లోపాలు ఉంటాయి. లోపం ఉందని తెలిసిన పెద్దలు ఆ సంగతి కింది మనుషులకు చెప్పకపోవడం, ఒకరి కష్టం మరొకరికి తెలియకుండా విడివిడిగా ఉంచడం వల్లనే అంత ఘోరం జరిగింది. సీఈఓ గారు తన సిబ్బంది ఇద్దరూ భయంతో ఉన్నారని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు ఆ వాక్యమే ఎక్కువ ఆందోళన కలిగించింది.

గుమాస్తా_గోడౌన్
క్రాయిడన్ గారికి కృతజ్ఞతలు. నేను ఇటువంటి సంఘంలోనే గుమాస్తాను, మా భయం ఏమిటో నేను చెబుతాను.

మా పాత అలవాట్లు కంప్యూటర్‌కు నప్పవు. ఆదివారం సాయంత్రం రైతు ఇంటికి వచ్చి డబ్బు చేతిలో పెడితే తీసుకొని, సోమవారం తేదీతో క్యాష్ బుక్‌లో రాసేవాళ్లం. అందులో మోసం లేదు, రైతు మళ్లీ తిరగకుండా చేసే సాయం అది. ఇప్పుడు ఏ రోజు లెక్క ఆ రోజే ముగించాలి, నగదు ఒక్క రూపాయి తేడా ఉన్నా డే ఎండ్ (ఆ రోజు లెక్క మూసివేత) కాదు. ఎరువుల సంగతి ఇంకా కష్టం. నాట్ల సమయంలో ట్రాక్టర్ గోడౌన్ ముందు నిలబడి ఉంటుంది, అమ్మకం నమోదు చేసే ఈ-పాస్ యంత్రంలో వేలిముద్ర పడదు, పొలం పని చేసే చేతుల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. బస్తాలు ముందు ఇచ్చి, వేలిముద్ర తర్వాత వేయించుకుంటాం. ఈలోగా తనిఖీ వస్తే యంత్రంలో ఒక నిల్వ, గోడౌన్‌లో ఒక నిల్వ. అప్పుడు సంజాయిషీ రాసేది నేను, ఇవ్వమని చెప్పిన పెద్దలు కాదు.

కాబట్టి కమిటీ చేయవలసిన మొదటి పని సభ్యులకు చెప్పడం కాదని నా అభిప్రాయం. ముందు సిబ్బందిని కూర్చోబెట్టి, ఫలానా తేదీకి ముందు జరిగిన తేడాలకు మీ మీద వేలు చూపించబోమని, మీకు తెలిసినదంతా రాసి ఇవ్వమని తీర్మానం చేసి మినిట్స్ బుక్‌లో ఎక్కించాలి. ఆ కాగితం లేకుండా ఏ గుమాస్తా నోరు తెరవడు.

రిటైర్డ్_కోఆపరేటివ్_ఆడిట్
గుమాస్తా గారి సూచనలో సగం ఒప్పుకుంటాను. పోస్టింగ్ పొరపాట్లకు, ఆలస్యపు జమలకు కమిటీ అటువంటి భరోసా ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. రైతు పేరు మీద అతనికి తెలియకుండా అప్పు రాసుకున్న బినామీ రుణాలకు మాత్రం ఏ కమిటీ తీర్మానమూ రక్షణ కాదు, కాకూడదు. భరోసా కాగితంలో ఈ తేడా స్పష్టంగా రాయండి.

గుమాస్తా_గోడౌన్
బినామీల సంగతి నేనూ సమర్థించడం లేదు. మీరు చెప్పినట్టే రాయాలి.

పొదుపు_సంఘం_లీడర్
మా పొదుపు సంఘం సమావేశంలో పుస్తకం అందరి మధ్యలో చాప మీద ఉండేది. ఎవరెంత కట్టారో బుక్‌కీపర్ పైకి చదివి రాసేది. చదువు రానివాళ్లకు కూడా పక్కావిడ లెక్క నోటికి వచ్చేది. ఇప్పుడు వివరాలు ఫోన్‌లో ఎక్కిస్తున్నారు, ఆ చిన్న తెర ఎక్కించే మనిషికి తప్ప ఎవరికీ కనిపించదు. లెక్క తప్పుతోందని నేను అనడం లేదు. ఇంతకుముందు పదిమందికి తెలిసినది ఇప్పుడు ఒక్కరికే తెలుస్తోందని అంటున్నాను. మేము ఏం చేశామంటే, ఫోన్‌లో ఎక్కించిన వెంటనే ప్రతి సభ్యురాలి అంకె పైకి చదవాలని, ఆమె అవునన్నాకే సేవ్ చేయాలని నియమం పెట్టుకున్నాం. సమావేశం కొంచెం పొడుగవుతుంది, పొడుగైతే అయిందని ఊరుకున్నాం.

మినుము_రైతు
అమ్మా, మీరు మా సొసైటీకి అధ్యక్షురాలిగా పోటీ చేయండి. మా ఇంట్లో నాలుగు ఓట్లున్నాయి, వాటిలో రెండు నా మాట వింటాయి.

కోరమంగళ_కోడర్
చర్చంతా చూపాలా వద్దా అన్నదాని మీదే నడుస్తోంది, ఎవరిది ఎవరికి చూపాలన్నది కూడా ఆలోచించాలి. సంఘం గోడ మీద సభ్యులందరి పేర్లు, అప్పులు, ఆధార్ నంబర్లు అంటించడం బహిరంగత కాదు. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక రైతు బాకీ ఎంతో ఊరందరికీ తెలిస్తే అతని కూతురి పెళ్లి సంబంధం మీద కూడా దాని నీడ పడుతుంది. ఎవరి ఖాతా వారికి పూర్తిగా చూపండి, సంఘం మొత్తం లెక్క అందరికీ చూపండి. పేర్లు, అప్పులు జత చేసిన పట్టిక మాత్రం ఎక్కడా పెట్టకండి.

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఒక ముఖ్యమైన మాట. ఎంట్రీ చేసేవారు ఒకరు, దాన్ని ఆమోదించేవారు మరొకరు ఉండాలని ఇటువంటి వ్యవస్థల్లో ఏర్పాటు ఉంటుంది. చాలాచోట్ల ఇద్దరి పాస్‌వర్డూ ఒకే కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించి ఉండడం నేను చూశాను. రేపు తప్పు జరిగితే ఎవరు చేశారో తేల్చే ఏకైక ఆధారం ఆ లాగిన్ పేరే. గుమాస్తా గారూ, మీ పాస్‌వర్డ్ అధ్యక్షుల వారు అడిగినా ఇవ్వకండి. అది మీ సంతకం.

సామాజిక_తనిఖీ_మాజీ
కోడర్ గారితో పూర్తిగా ఏకీభవించలేను. నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పనిచేశాను. ఆ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది, సామాజిక తనిఖీ కూడా మన రాష్ట్రంలో ఆ జిల్లా నుంచే వేళ్లూనింది. దానికి మూలం 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నడిపిన జన సునవాయీలు (బహిరంగ విచారణలు). మస్టర్ రోల్‌లోని (కూలీల హాజరు పట్టీలోని) పేర్లు ఊరి మధ్య పైకి చదవడం వల్లనే చనిపోయినవారు, వలస వెళ్లినవారు కూలి తీసుకున్నట్టు ఉన్న సంగతి బయటపడింది. పేరు చదవకపోతే ఆ తప్పు ఏ లెడ్జర్‌లోనూ తప్పులా కనిపించదు. అన్ని మొత్తాలూ చక్కగా సరిపోయే ఉంటాయి. సంఘాల్లో బినామీ రుణాలు కూడా అంతే. సభ్యుడు తన స్లిప్ తాను చూసుకుంటే తన పేరు మీద ఉన్న దొంగ అప్పు పట్టుకోగలడు. ఊళ్లోనే లేని సభ్యుడి పేరు మీద ఉన్న అప్పును ఎవరు పట్టుకుంటారు?

మేము పాటించిన పద్ధతి ఇది. ముందు ఇంటింటికీ వెళ్లి మనిషితో విడిగా మాట్లాడి, అతని వివరం అతనికి చదివి వినిపించి, అతను చెప్పినది రాసుకొని వేలిముద్ర తీసుకుంటాం. ఆ తర్వాత గ్రామసభ, దాని తర్వాత మండలంలో ప్రజావేదిక. వేదిక మీదకు వచ్చేసరికి విషయం చాలావరకు నిర్ధారణ అయి ఉంటుంది కాబట్టి అరుపులు తగ్గుతాయి. ఇంటింటి పని చేయకుండా నేరుగా సభ పెడితే బలమున్నవాడి గొంతే వినిపిస్తుంది.

కోరమంగళ_కోడర్
ఉపాధి కూలి ప్రభుత్వ ధనం, పంట అప్పు వ్యక్తిగత బాకీ. రెండూ ఒకటి కావు. మీరు చెప్పిన ఇబ్బంది మాత్రం నిజమైనదే. ఊళ్లో లేనివారు, చనిపోయినవారు, చిరునామా దొరకనివారు అనే ఖాతాలకు మాత్రం అప్పు మొత్తం రాయకుండా పేరు, తండ్రి పేరు, సభ్యత్వ సంఖ్య పెట్టి, వీరి వివరం తెలిసినవారు కార్యాలయానికి రావాలని నోటీసు పెట్టవచ్చు.

సామాజిక_తనిఖీ_మాజీ
ఆ పద్ధతి నాకు అంగీకారమే.

హనుమకొండ_వరి
మా జిల్లాలో ముల్కనూరు సహకార సంఘం 1956లో మొదలై ఇప్పటికీ నిలబడి ఉంది. పరపతితో మొదలైన సంఘం ధాన్యం, విత్తనం, పత్తి వ్యాపారాల దాకా విస్తరించింది. దాని బలం ఎక్కడుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. నా మటుకు, సభ్యుడు సంఘం లెక్కను తన లెక్కగా చూసుకోవడమే కారణమనిపిస్తుంది. అక్కడికి చూడడానికి వెళ్లే సంఘాలవాళ్లు మిల్లు, గోడౌన్ చూసి వస్తారు. లెక్క సభ్యుడి దాకా ఎలా చేరుతోందో కూడా అడిగి తెలుసుకోవాలి.

మరొక మాట. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైనప్పుడు, పాత రికార్డులోని తప్పులు దాంతో పాటే తెర మీదకు వచ్చాయి. తప్పు సరిదిద్దమని అడగడానికి తగిన దారులు మొదట్లో లేవు, తర్వాత ఒక్కొక్క మాడ్యూల్‌గా చేర్చుకుంటూ వెళ్లారు. పేరులో ఒక అక్షరం, సర్వే నంబరులో ఒక అంకె సరిచేయించుకోవడానికి రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. చివరికి 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి తెచ్చారు. సీఈఓ గారూ, మీరు సభ్యుడికి ఇచ్చే కాగితం మీద తప్పు ఉంటే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది, ఆ జవాబు నచ్చకపోతే తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నవి ముందే అచ్చు వేయండి. దిద్దుబాటు దారి చూపకుండా తప్పును మాత్రం చూపిస్తే సభ్యుడికి మిగిలేది దిగులే.

సింగిల్‌విండో_ఇందూరు
ఇందాకటి నా మాటను కొంత సవరించుకుంటున్నాను. గుమాస్తా గారు, తనిఖీ మాజీ గారు చెప్పిన వరుస నాకు నచ్చింది. ముందు సిబ్బంది, తర్వాత ఒక్కొక్క సభ్యుడు, ఆ తర్వాత సభ. ఇలా వెళితే డిపాజిటర్ల భయం చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే సభనాటికి తేడా ఎంత తేలింది, ఎంత మిగిలింది అని చెప్పగలుగుతారు. ఒక్క అదనపు సూచన. సభకు ముందే డిపాజిట్లు ఉన్నవారిని విడిగా పిలిచి, డిపాజిట్ లెడ్జర్ సరిపోయిందని, తేడా అప్పుల వైపే ఉందని పుస్తకం తెరిచి చూపించండి. అది నిజమైతేనే చేయండి.

డెల్టా_సొసైటీ_సీఈఓ
డిపాజిట్ లెడ్జర్ పైసాతో సహా సరిపోయింది. ఇది సభ దాకా ఆగకుండా ముందే చెప్పవచ్చన్న ఆలోచన నాకు రాలేదు, ఇందూరు గారికి ధన్యవాదాలు.

సభ్యుల కాగితం ఎందుకు ముఖ్యమని నేను పట్టుబడుతున్నానో ఒక ఖాతా చూపి చెబుతాను. పేరు రాయను. లక్ష రూపాయల పంట రుణం, గడువు మార్చి 31. రైతు మార్చి 28న కట్టాడు, రసీదు మీద ఆ తేదీ స్పష్టంగా ఉంది. లెడ్జర్‌లో జమ ఏప్రిల్ 3న పడింది. పుస్తకంలో ఆ తేడాకు ఎవరూ విలువ ఇవ్వలేదు. ఇప్పుడు లెడ్జర్ తేదీనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే ఆ రైతు గడువు దాటిన బాకీదారు అవుతాడు. 7 శాతం వడ్డీలో సకాలంలో కట్టినవారికి దక్కే 3 శాతం రాయితీ పోతుంది. ఏడాదికి లెక్కేస్తే 3,000 రూపాయలు. పైగా గడువు మీరిన చరిత్ర అతని పేరుకు అంటుకుంటుంది. అతని రసీదు అతని ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది, లెడ్జర్ మా బీరువాలో ఉంది. ఆ రెండూ ఒకచోట పెట్టి చూసేది ఒక్క కటాఫ్‌కు ముందే. తర్వాత ఎవరూ చూడరు.

నిన్న సాయంత్రం ఈ ఖాతా పేజీ, రసీదు నకలు రెండూ అధ్యక్షుల వారి ముందు పెట్టాను. వారు చాలాసేపు చూశారు. ప్రతి సభ్యుడికీ కాగితం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మొత్తం తేడాను సభలో చెప్పే విషయం మాత్రం ఇంకా ఆలోచిస్తానన్నారు.

మినుము_రైతు
ఆ పెద్దాయనకు నా నమస్కారం చెప్పండి. ఆ లక్ష రూపాయల రైతు లాంటివాళ్లు మా ఊళ్లో కూడా ఉంటారు, మేము ఎప్పుడూ అడగలేదు. ఈసారి మా సొసైటీకి నా రసీదులన్నీ పట్టుకొని వెళ్తాను.

కౌలు_కార్డు
మా సంగతి ఎవరూ ఎత్తలేదు. భూమి ఒకరిది, సాగు మాది, అప్పు భూమి యజమాని పేరు మీద ఉంటుంది, కట్టేది చాలాచోట్ల మేమే. 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చి కార్డులిచ్చారు గాని, అప్పు దాకా వచ్చేది కొద్దిమందికే. మీరు యజమానికి కాగితం ఇస్తే హైదరాబాదులో ఉన్న ఆయన చూడకుండానే సంతకం పెడతాడు. రసీదులు మా దగ్గర ఉంటాయి.

డెల్టా_సొసైటీ_సీఈఓ
ఇది మేము ఆలోచించలేదు. చట్టప్రకారం ఖాతా వివరం సభ్యుడికే ఇవ్వగలను. కానీ సభ్యుడు కాకపోయినా, మా సంఘం రసీదు ఎవరి దగ్గర ఉంటే వారు తెచ్చి చూపవచ్చని, ఆ నంబరు సరిచూసి నమోదు చేస్తామని నోటీసులో చేర్చగలను. ఆడిటర్ గారు ఏమంటారు?

రిటైర్డ్_కోఆపరేటివ్_ఆడిట్
చేర్చండి. రసీదు సంఘానిది, దాన్ని సరిచూడడానికి తెచ్చిన మనిషి ఎవరన్నది అడ్డు కాదు. రసీదు పుస్తకంలో మీ దగ్గర మిగిలిన కౌంటర్‌ఫాయిల్‌తో పోల్చి, నంబరు, తేదీ, మొత్తం ఒక విడి రిజిస్టరులో రాసి, తెచ్చినవారి సంతకం, మీ సంతకం ఉంచండి. అసలు రసీదు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మీ దగ్గర ఉంచుకోవద్దు, నకలు తీసుకొని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి.

సభ్యుడికిచ్చే కాగితంలో నిల్వ ఒక్కటే రాస్తే సరిపోదు. అప్పు ఇచ్చిన తేదీ, గడువు తేదీ, ఒక్కొక్క జమ తేదీ, వాటా ధనం, పాత లెడ్జర్ పేజీ సంఖ్య ఉండాలి. ఆ పేజీ సంఖ్యను సాఫ్ట్‌వేర్‌లో రిమార్కుల గడిలో కూడా ఎక్కించమని డేటా ఎక్కించే సంస్థకు లిఖితపూర్వకంగా చెప్పండి. పని పూర్తయిందని వారికి సర్టిఫికెట్ ఇచ్చేది మీరే కాబట్టి, అది ఉంటేనే సంతకం పెట్టండి. పాత లెడ్జర్లను అటకెక్కించవద్దు.

గుమాస్తా_గోడౌన్
తేదీ ఎప్పుడు పెడుతున్నారో చూసుకోండి. నాట్లు నడుస్తున్నప్పుడు పగలు పిలిస్తే ఎవరూ రారు, వచ్చినా ఎరువుల వరుసలో నిలబడతారు. సాయంత్రం ఆరు తర్వాత, వీధికి ఒక రోజు చొప్పున కేటాయించి, సంఘం కార్యాలయంలో కాకుండా ఆ వీధిలోని రామాలయం అరుగు మీదో, బడి వరండాలోనో లెడ్జర్లతో కూర్చోండి. అన్ని వీధులవాళ్లూ రామాలయం దగ్గరికి రారు, కాబట్టి ఎస్సీ కాలనీలో కమ్యూనిటీ హాలు అడగండి. చదివి చెప్పే మనిషి ఒకరు, రాసుకొనే మనిషి ఒకరు కావాలి. ఆ సాయంత్రాలకు మీ ఇద్దరు సిబ్బందికీ ఓవర్‌టైమ్ ఇస్తామని కమిటీ చేత ముందే రాయించండి.

డెల్టా_సొసైటీ_సీఈఓ
కాలనీ హాలు తాళం పంచాయతీ కార్యదర్శి గారి దగ్గర ఉంటుంది, రేపు ఉదయమే అడుగుతాను. సిబ్బందికి భరోసా, ఓవర్‌టైమ్ రెండూ బుధవారం కమిటీ అజెండాలో పెట్టాను. సభలో మొత్తం తేడా చెప్పే అంశాన్ని కూడా విడిగా అజెండాలో చేర్చాను, అధ్యక్షుల వారికి ముందే చెప్పి చేర్చాను. తీర్మానం ఎటు తిరిగినా ఇక్కడ రాస్తాను.